ప్రేమలీల సిస్టరే కావాలి

రెండువేల సంవత్సరం ఏప్రిల్‌లో ఫుర్కాన్ అరచేతుల్లో రాగిరంగు మచ్చలు లేచాయి. దురద లేదు, నొప్పి లేదు. రెండు రోజుల్లో అరికాళ్లకూ పాకాయి.

నల్గొండ నుంచి వై2కే కంప్యూటర్ పని మీద సిడ్నీ వచ్చిన ఏడాదే అతనికి హెచ్ఐవి ఉందని తేలింది. అప్పటి నుంచి పూట తప్పకుండా మాత్రలు మింగుతున్నాడు. కిందటి నెల డాక్టరు అందులో ఒకటి మార్చాడు. కొత్త మందు పడలేదనుకుని, ఎవర్నీ అడక్కుండా అన్నీ ఆపేశాడు.

క్లినిక్కుకు ఫోన్ చేయాలంటే జంకు. అక్కడి నర్సు ప్రేమలీలది తెనాలి. బ్యాడ్జీ మీద ఆ పేరు చూసిన మొదటి రోజే కౌంటర్లో చెప్పి వేరే నర్సును వేయించుకున్నాడు. ఆమె ఉండేది సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో, అతని స్నేహితుడు రామ్మోహన్ వాళ్ల వీధిలోనే. ఒక్క మాట జారితే నల్గొండ దాకా పోతుందని భయం.

ఆ ఆదివారం రామ్మోహన్ ఇంట్లో బార్బీ, అంటే పెరట్లో బార్బెక్యూ విందు. ప్రేమలీల భర్త జోజయ్యతో వచ్చింది. ఫుర్కాన్ మెల్లగా గేటు వైపు జరగబోయాడు.

"ఆంటీ, వీడు ఫుర్కాన్. మా ఆఫీసులోనే కాంట్రాక్ట్," అన్నాడు రామ్మోహన్.

"ఏ ఊరు బాబూ మీది?" అంది ఆమె, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

"నల్గొండ, ఆంటీ."

"అట్టాగా! మా ఆయన అక్కడ రెండేళ్లు టీచరుగా చేశారు. ఏమండీ, ఇటు రండి!"

జోజయ్యను అతని పక్కన కూర్చోబెట్టి తను వెళ్లిపోయింది. జోజయ్య గంటసేపు నల్గొండ ఎండల గురించీ నీళ్ల గురించీ చెప్పాడు. కట్టుకున్న మనిషికి కూడా ఆమె ఒక్క ముక్క చెప్పలేదని ఫుర్కాన్‌కు అర్థమైంది.

సోమవారం పొద్దున్నే క్లినిక్కుకు ఫోన్ చేసి ప్రేమలీల సిస్టరే కావాలన్నాడు.

ఆమె అతని అరచేతులు తన చేతుల్లోకి తీసుకుని చూసింది.

"మందు పడలేదేమోనని గోలీలు బంద్ చేసిన సిస్టర్. ఆరు దినాలాయె."

కసురుతుందనుకున్నాడు. ఆమె కసరలేదు. "మధ్యలో ఆపితే వైరస్ మొండికేస్తది బాబూ. ఇప్పుడే డాక్టరుగారితో మాట్లాడదాం. ఇది మందు వల్ల కాదనిపిస్తంది. రక్తం తీస్తాను."

డాక్టరు ఆ రోజే మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాడు. రెండు రోజులకు తేలింది, సిఫిలిస్.

"అంటే సుఖరోగమా?" ఫుర్కాన్ తల వంచుకున్నాడు.

"ఏం పేరో ఏమో! సుఖమేముంది ఇందులో? పెన్సిలిన్‌తో పోయే జబ్బే. కాకపోతే హెచ్ఐవి ఉన్నోళ్లలో కళ్లకీ మెదడుకీ పాకే భయం ఎక్కువ. ఇప్పుడే వచ్చి మంచి పని చేశావు."

ఆ మాటకు అతనికి నోరు పెగిలింది. ఏడాదిగా తను ప్రేమిస్తున్న డేనీ గురించి చెప్పాడు. డేనీది కాకినాడ, ఇక్కడ షెఫ్, అతనికీ హెచ్ఐవి ఉంది. "ఇద్దరికీ ఉన్నదే గదా, ఇంక కొత్తగ ఏమొస్తదని కండోమ్ ఇడిసిపెట్టినం సిస్టర్."

"అట్టా అనుకునేవాళ్లు నువ్వొక్కడివే కాదులే. డేనీకి చెప్పాలి. నీవల్ల కాకపోతే నీ పేరు రాకుండా మేమే చెప్తాం."

ఫుర్కాన్ జేబులోంచి ఫోన్ తీశాడు. "నేనే చెప్త. మీరు జర పక్కన కూసోండ్రి."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"Are you serious? నాకే మచ్చలూ లేవు కదరా!" అన్నాడు డేనీ ఫోన్లో.

"మచ్చలు లేకున్నా ఉంటదంట. తిట్టేదుంటే తర్వాత తిట్టు. రేపు వచ్చి టెస్ట్ చేపిచ్చుకో."

 "నువ్వు కూడా రా, ఒక్కణ్ణే రాలేను," అన్నాడు డేనీ.

పరీక్షలో డేనీకీ సిఫిలిస్ ఉందని తేలింది. ఎవరి నుంచి ఎవరికొచ్చిందని ప్రేమలీల అడగలేదు. ఇద్దరికీ ఇంజెక్షన్లు ఇస్తూ, సాయంత్రం చలిజ్వరం వస్తే కంగారు పడొద్దని ముందే చెప్పింది. వచ్చింది, తెల్లారేసరికి పోయింది. మూడు వారాల్లో మచ్చలు మాసిపోయాయి. అక్టోబరులో రక్తపరీక్షలు ఇద్దరివీ బాగున్నాయి.

ఆ రోజు ఫుర్కాన్ ఆగలేక అడిగేశాడు. "సిస్టర్, అప్పుడు బార్బీలో నన్ను గుర్తుపట్టిండ్రా?"

"పట్టకేం?" నవ్విందామె. "ఇక్కడ విన్నది ఇక్కడే. ఇంట్లో చెప్తే మా ఆయన ఊరంతా దండోరా వేస్తారు."

ఫుర్కాన్ కూడా నవ్వాడు. ఇలాంటి ఎన్ని కుటుంబాల సంగతులు కడుపులో దాచుకుని ఈవిడ ప్రతి ఆదివారం అందరి మధ్యా అంత తేలిగ్గా తిరుగుతోందో అనుకున్నాడు. తర్వాతి మూడు నెలల పరీక్షకు తేదీ ఇమ్మన్నాడు, ఇద్దరికీ కలిపి.