ఆర్లెట్ నోట మగగొంతు

"కాఫీ పెట్టు జినెట్. తర్వాత ఆ నాలుగు నిమిషాల మాట తీసేసి నా గొంతు వెయ్," అన్నాడు బెర్త్రాన్, రెండూ ఒకేరకం పనులైనట్టు.

జినెట్ రెండూ చేసింది. అతనికి భార్య, అతని సినిమా బృందానికి ఎడిటర్. ఫ్రాన్స్‌లోని రూబే ఊళ్లో నూలు మిల్లు సమ్మె మీద తీసిన సినిమా అది. సినిమా అందరిదీ కాబట్టి తెర మీద ఎవరి పేరూ వెయ్యకూడదని బృందం నియమం. పత్రికలవాళ్లతో మాట్లాడేది మాత్రం బెర్త్రానే. ఆ నాలుగు నిమిషాల్లో ఆర్లెట్ అనే కార్మికురాలు కెమెరాలోకి చూస్తూ చెప్పింది: "మగాళ్లు హాల్లో చేతులెత్తి ఓట్లేశారు. మమ్మల్ని బంగాళాదుంపలు చెక్కమని పంపారు. ఇంటి చాకిరీ సమ్మెలోకీ వచ్చింది." బెర్త్రాన్ మొహం చిట్లించాడు. "ఇది ఐక్యతను దెబ్బతీస్తుంది. బొమ్మ ఉంచు, గొంతు మార్చు. బొమ్మకీ మాటకీ పొత్తు లేకపోవడమేగా మన కొత్తరకం సినిమా అంటే." ఆ వారమంతా తొమ్మిదిమంది కామ్రేడ్లకు వండి, గిన్నెలు తోమి అలసిపోయిన జినెట్‌కు కాదని వాదించడం కంటే కత్తిరించడమే తేలికనిపించింది.

ఎవరి మీద సినిమా తీశారో వాళ్లకే దాన్ని మొదట చూపించాలి. అదీ బృందం నియమమే. ఆదివారం మధ్యాహ్నం మిల్లు క్యాంటీన్లో ఆర్లెట్ కొత్త స్కార్ఫు కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తెర మీద ఆమె పెదవులు కదిలాయి. "కార్మికవర్గం ఒకే పిడికిలి," అంది బెర్త్రాన్ గొంతు.

క్యాంటీన్ గొల్లుమంది.

"ఒసే ఆర్లెట్, రాత్రికి రాత్రి మీసాలొచ్చాయే నీకు?"

ఆర్లెట్ కూడా నవ్వింది. కాసేపే. "నేను చెప్పిందేదయ్యా?"

"కామ్రేడ్, ఇదొక ప్రయోగం..." అన్నాడు బెర్త్రాన్.

"దుంపల సంగతి ఏమైందని అడుగుతున్నా."

జినెట్ తప్పంతా మొగుడి మీదికి నెట్టెయ్యచ్చు. కానీ కత్తెర పట్టింది తను. "తీసేసింది నేను," అంది జినెట్.

"కూర్చో," అన్నాడు బెర్త్రాన్ లోగొంతుతో.

ఆమె ప్రొజెక్టర్ దగ్గరికెళ్లి, రీలు వెనక్కి తిప్పి, ఆర్లెట్ బొమ్మ మళ్లీ వేసి, సౌండ్ మీట పూర్తిగా తగ్గించి చెయ్యి దాని మీదే ఉంచింది. ఆర్లెట్ అసలు మాటలు వందసార్లు విన్నది, ఊపిరితో సహా కంఠతా వచ్చు. చెప్పబోయి ఆగిపోయింది. తను చెప్పినా ఆర్లెట్ నోట్లో ఇంకొకరి గొంతు పెట్టినట్టే.

"మీరే చెప్పండి, ఆర్లెట్ గారూ."

ఆర్లెట్ లేచి తెర పక్కన నిలబడింది.

"ముందు ఈ పిల్ల నాకు చేసిన ద్రోహం గురించి చెప్తా. తర్వాత దుంపల సంగతి."

బెర్త్రాన్ మీట వైపు చెయ్యి చాచాడు. జినెట్ దాని మీంచి తన చెయ్యి తియ్యలేదు.