సున్నం డ్యూటీకి పోని రోజు

శ్రీరాంపూర్ క్వార్టర్లలో హనుమండ్లు పొద్దున ఐదింటికే లేస్తాడు. ముఖం కడుక్కొని, చాయ్ కూడా తాగకుండా, కర్ర పట్టుకొని పెరట్లోకి పోతాడు. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో సర్దార్‌గా చేసి రిటైరైన మనిషి. పనివాళ్లు చెయ్యి పెట్టకముందే కర్రతో పైకప్పును తట్టి వినడం సర్దార్ పని. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల విడిపోయిన కప్పు బోలుగా మోగుతుంది. బోలుగా మోగితే రెండు కట్టెలు అడ్డంగా కట్టి, ఎర్రగుడ్డ వేలాడదీస్తారు. ఆ అడ్డం దాటి ఎంత పెద్ద ఆఫీసరూ పోకూడదు. మళ్లీ తట్టి చూసేదాకా దాన్ని తియ్యకూడదు.

ఇప్పుడు ఆయన తట్టేది మనుమరాలు సృజన కుందేళ్ల ఆటసామాన్లను. సృజన ఐదో తరగతి. కుందేళ్లు రెండు. తెల్లది సున్నం, మచ్చలది బుక్క. అంతకుముందు ఇంకొకటి ఉండేది. కోడలు జమున దానికి ఆడుకోవడానికి పాత గుడ్డబొమ్మ ఇచ్చింది. బొమ్మ కుట్టు ఊడింది. కుందేలు దారం మింగింది. పేగులు బిగిసి మూడోరోజు చచ్చిపోయింది.

"బొమ్మ ఇచ్చుడు పెద్ద పని కాదు పెద్దమనిషీ, ఇచ్చినంక రోజూ చూసుడు పని" అన్నాడు మంచిర్యాల పశువుల డాక్టరు.

ఆ మాట హనుమండ్లుకు బాయి రూలులాగే వినబడింది. అప్పటినుంచి ఆ పెరట్లోకి చూడకుండా ఏదీ రాలేదు. అట్టపెట్టె ఇవ్వాలంటే ముందు టేపు, పిన్నులు పీకాలి. చెక్కబంతికి రంగు ఉండొద్దు. గజ్జె వదులైన బంతి ఆ పూటే చెత్తలోకి పోతుంది. తాడు వేలాడదీస్తే మెడకు పడుతుంది కాబట్టి తాడే వద్దు. ఎక్కి దూకే పీట జానెడు ఎత్తు మించొద్దు. జామకొమ్మలు మాత్రం కొరికినన్ని కొరకొచ్చు.

"మామా, గీ కుందేళ్లకున్న బందోబస్తు మా పెండ్లికి కూడ లేకుండె" అనేది జమున.

"పెండ్లిల ఎవలన్న దారం మింగిండ్రా?" అనేవాడు ఆయన.

పెరట్లో అన్నిటికంటే పెద్ద ఆటసామాను చెక్క సొరంగం. పాత మంచం పట్టెలతో హనుమండ్లే చేశాడు. కుందేలు మధ్యలో వెనక్కి తిరగగలిగేంత వెడల్పు, రెండు బారల పొడవు. సున్నానికి అదంటే ప్రాణం. సృజన తండ్రి రాకేశ్ బాయిలో పనిచేస్తాడు. మొదటి షిఫ్టు సైరన్ మోగగానే సున్నం సొరంగంలోకి దూరుతుంది. ఆ తరువాత ఈ కొసన వంగి చూస్తే ఆ కొసన వెలుతురు కనబడుతుందే తప్ప లోపల కుందేలు ఉండదు. మధ్యాహ్నం మూడు దాటాక, రాకేశ్ బాయి నుంచి పైకి వచ్చే సమయానికి, అదే సొరంగం నుంచి బొగ్గుపొడితో నల్లగా బయటికి వస్తుంది. కుందేలుకు నీళ్లు పోయడం మంచిది కాదు కాబట్టి జమున పొడిగుడ్డతో తుడుస్తుంది. మొగుడికి బకెట్ వేడినీళ్లు, కుందేలుకు గుడ్డ. రెండూ పక్కపక్కనే పెట్టి ఉంటాయి.

పక్క క్వార్టర్ పోశవ్వ కొడుకు కుమార్‌ది కూడా రాకేశ్ షిఫ్టే. ఆమె రోజూ మూడు దాటాక గోడ మీదినుంచి అడుగుతుంది.

"జమునా, కుందేలు పైకచ్చిందా?"

"వచ్చింది అత్తా."

"అయితే మా కుమార్‌కు బియ్యం పెడ్త. బాయిల ఫోన్లు పట్టుకపోనియ్యరాయె, మీ కుందేలే నయం."

హనుమండ్లు తట్టని సామాను ఒక్కటే ఉంది. అది ఆ సొరంగం. తాను కొట్టిన మొల, తాను కోసిన పట్టె. తన పనిని తాను ప్రేమగా చూసుకునేవాడికి పగులు కనబడదు. బాయిలో ఉన్నప్పుడు ఈ సంగతి ఆయనే పదిమందికి చెప్పాడు. కప్పు కూలకుండా కింద దిమ్మె నిలబెట్టినవాడు ఒకడైతే దాన్ని తట్టి చూసేవాడు ఇంకొకడు కావాలని, తన దిమ్మెను తానే పాస్ చేసుకోకూడదని. పెరట్లో మాత్రం ఆ మాట మరిచిపోయాడు.

వానలు వెళ్లిన వారానికి, ఒక పొద్దున ఆయన పీటలు తడుతుండగా సృజన ఇంకో కర్రతో సొరంగాన్ని తట్టింది.

"తాతా, నడిమిట్ల బోలుగ మోగుతుంది."

"ఏం మోగది. పక్కకు జరుగు."

"జర నువ్వు కొట్టి ఇను."

"ముప్పై నాలుగేండ్లు ఇన్న. గది నేను చేసింది. నువ్వు నాకు నేర్పుతవా?"

సృజన కర్ర కింద పెట్టింది. లోపలికి పోయి బడి రిబ్బన్ తెచ్చింది. ఎర్రది. బుక్క కొరికి వదిలేసిన రెండు జామకట్టెలను సొరంగం మూతికి అడ్డంగా పెట్టి రిబ్బన్‌తో బిగించి కట్టింది. రెండో మూతికి ఇటుక పెట్టింది.

హనుమండ్లు ముఖం ఎర్రబడింది. తియ్యడానికి వంగాడు. చెయ్యి కట్టెల దాకా పోయి ఆగింది. కట్టింది పదేళ్ల పిల్లే కావచ్చు. అడ్డం అడ్డమే. తట్టి చూడకుండా తీసే హక్కు ఆయనకూ లేదు. తట్టి చూడాలంటే పిల్ల మాట విన్నట్టవుతుంది. తియ్యనూ లేదు, తట్టనూ లేదు. పోయి అరుగు మీద కూర్చున్నాడు.

రాకేశ్ బండి బయటికి తీస్తూ చూశాడు. "ఏందే, సున్నం ఇయ్యాల డ్యూటీకి పోదా?"

"కప్పు మంచిగ లేదు బాపూ."

"గట్లనా? మంచిది" అని నవ్వి, టిఫిన్ తీసుకొని పోయాడు.

ఏడింటికి సైరన్ మోగింది. సున్నం వచ్చి సొరంగం ముందు కూర్చుంది. హనుమండ్లు అటు చూసేసరికి మూతికి కట్టెలు లేవు, రిబ్బన్ లేదు.

"అడ్డం ఏది?"

"సున్నానికి బదులు డ్యూటీకి పోయినట్టున్నయ్ మామా" అని జమున పొయ్యి దగ్గరికి పోయింది.

ఇప్పుడు మూతి తెరిచి ఉంది, కుందేలు దాని ముందు ఉంది. ఇక కూర్చునే వీలు లేదు. ఆయన లేచి, కుందేలును సృజనకు అందించి, కర్రతో సొరంగం నడుమ తట్టాడు. బోలుగా మోగింది. ఇంకోసారి తట్టాడు. పై పట్టె విరిగి లోపలికి పడింది. దాని అడుగును చెదలు తినేశాయి. తుప్పు పట్టిన మొల నిటారుగా నేలకు దిగింది. సరిగ్గా కుందేలు వీపు ఉండే చోట.

ఆయన వంగి ఆ మొలను పీకాడు. సృజన సున్నం వీపు నిమిరింది. అది ఆయనకు తిట్టుకంటే ఎక్కువైంది.

మూడింటికి పోశవ్వ గోడ మీదికి వచ్చింది. "కుందేలు పైకచ్చిందా?"

"దిగనే లేదు అత్తా."

"మరి మనోళ్లు?"

జమున సందు వైపు చూసింది. సున్నం తెల్లగా ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. నీళ్లు పొయ్యి మీద మరిగి మరిగి సగమయ్యాయి. పోశవ్వ బియ్యం చేటలోనే ఉన్నాయి. నాలుగు దాటింది. నాలుగున్నరకు సందు మొదట్లో రెండు బండ్ల చప్పుడు వినబడింది. ముందు కుమార్, వెనుక రాకేశ్.

రాకేశ్ బండి దిగి అరుగు మీద కూర్చున్నాడు.

"మేం పనిచేసే జాగకు అడ్డం కట్టి ఉంది బాపూ. రాత్రి షిఫ్టోళ్లను అడిగితే మేం కట్టలే అన్నరు. ఎవలన్న కట్టనీ, రూలు రూలే అని ఓవర్‌మన్ మమ్ముల ఎనుకకు కూసోబెట్టిండు. తట్టెతందుకు కర్ర లేపిండు, ఇంక ఆనియ్యనే లేదు, మంచమంత బండ దిగింది. నేనూ కుమారూ రోజూ నిలబడే జాగల."

జేబులోనుంచి రెండు కట్టెలు తీశాడు. కొసలకు కుందేలు పండ్ల గాట్లు ఉన్నాయి. వాటికి చుట్టిన రిబ్బన్ బొగ్గుపొడితో నల్లబడింది. జమున దాన్ని తీసుకొని, బకెట్ పక్కనున్న పొడిగుడ్డతో తుడవసాగింది. గోడ అవతల పోశవ్వ బియ్యం కడిగిన చప్పుడు వచ్చింది.

తెల్లవారి హనుమండ్లు కొత్త పట్టె కొట్టాడు. కొట్టి, కర్రతో తానే తట్టబోయి ఆగాడు. కర్రను సృజన చేతికిచ్చాడు.

"నేను కొట్టిన బిడ్డా. నువ్వు చూడు."

రాకేశ్ బండి మీద కూర్చున్నాడు కానీ స్టార్ట్ చెయ్యలేదు. సృజన ఈ కొస నుంచి ఆ కొసకు తట్టుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది.

"గీడ ఇంకో మొల కావాలె తాతా."

ఆయన సుత్తె తెచ్చాడు. కొట్టాడు. ఆమె మళ్లీ తట్టింది. ఖంగుమంది.

"ఇగ పో" అన్నది సృజన.

సున్నం సొరంగంలోకి దూరింది. అప్పుడు రాకేశ్ బండి స్టార్ట్ చేశాడు.