తొమ్మిదేండ్ల పాతర

మలయాలో ఓడెక్కి మద్రాసులో దిగి, రైల్లో కుప్పం చేరి, అక్కడ బస్సెక్కిందాకా బయ్యమ్మ నోట ఒకటే మాట: "పాతర ఉంటే బతికినాం. లేకుంటే మళ్లీ ఓడే." మొగుడు మారప్పకు విని విని విసుగు పుట్టింది. అబ్బ, ఆమె నోటికి మూత యాడుండాది!

తొమ్మిదేండ్ల కిందట, రబ్బరు తోటల్లో కూలికని మొగునితో పోయే ముందు, ఆ ఏటి రాగులన్నీ పెరట్లో పాతరేసింది. రెండు నిలువుల గుంత, చుట్టూ గడ్డి, సగానికి రాగులు, మూతికి బండ, బండ మీద మట్టి. భూమిలో రాగులకు పాతికేండ్లయినా పురుగు పట్టదు, మనిషి పట్టకుంటే చాలు. ఆ చోటు తెలిసిన పరాయి మనిషి పక్కింటి గోవిందప్ప పెండ్లాం చెంగమ్మ ఒకతే.

వి.కోట దాటినాక బస్సులో ఒక ముసలాయన నవ్వినాడు. "పాతరలా? నడిమిట్ల కరువొచ్చిండ్లేదామ్మా? అన్నీ తవ్వుకోని తినేసినారు." పుంగనూరులో బండి కట్టించుకుని సదుం పక్కనుండే తమ పల్లె చేరేదాకా బయ్యమ్మ మళ్లీ నోరు తెరవలేదు.

ఇల్లు పడిపోయి మొండిగోడలు మిగిలినాయి. పాతరున్న చోట మనిషెత్తు పేడదిబ్బ. చెంగమ్మ వచ్చి పక్కన నిలబడింది. బయ్యమ్మ కండ్లు దిబ్బ మీదనే ఉండాయి, మనిషిని సరిగా సూడనే లేదు. ఖాళీ గుంతను కప్పిపెట్టినట్టుంది అనుకుంది. నోరు ఊరుకుంటుందా?

"మా రాగులు తిన్నావా అక్కా?"

"బండ ఎత్తించు" అనింది చెంగమ్మ. పోయి దీపం, తాడు తెచ్చింది.

పాతరలో మనిషి దిగే ముందు దీపం దించాల. తెరిచిన గుంతలో అయితే దీపం వెలుగుతానే ఉంటుంది. ఏండ్ల తరబడి మూసిన రాగుల మీద విషపుగాలి నిలుస్తుంది, దాంట్లో దీపం బతకదు.

మారప్ప దిబ్బ తీసి, గడారితో బండ జరిపినాడు. దీపం మూరెడు దిగింది. వెలుగుతాండాది. ఇంకో మూర. ఇంకా వెలుగుతాండాది. ఖాళీ గుంతే అనుకుంది బయ్యమ్మ. ఇంకో జానెడు దిగిందో లేదో, దీపం టక్కున ఆరిపోయింది.

బయ్యమ్మ సముద్రం చూసింది, బాంబులేసే విమానాలు చూసింది. ఎప్పుడూ ఇట్లా ఒళ్లు జలదరించలేదు. అప్పుడు చూసింది చెంగమ్మ మొగాన్ని. బుగ్గలు పీక్కుపోయినాయి. నుదుట బొట్టు లేదు.

"గోవిందప్పన్న యాడక్కా?"

"కరువులో పోయినాడు. బతికుంటే బలుసాకు తినొచ్చంటారే, మేము అదే తిన్న్యాం. ఆయనకు అదీ దిగలేదు."

"మరి ఈడ దిబ్బ యాల ఏసినావు? ఎవురి కంట్లో పడకుండా?"

"నా కంట్లోనేమ్మా. దినామూ కనపడతాంటే కడుపు ఊరుకోదు గదా."

గాలి పోయినాక మారప్ప దిగి మొదటి గంప అందించినాడు. బయ్యమ్మ దాన్ని నెత్తిన పెట్టుకుని చెంగమ్మ ఇంట్లోకి పోయింది. తప్పయిపోయింది అందామంటే అంతటి నోరూ పెగల్లేదు. విసుర్రాయి ముందు కూర్చుని రాగులు విసరడం మొదలుపెట్టింది.