దూది కుక్కిన అందె

నేను ఒక ఇత్తడి అందెను. కాలికి పెట్టుకునే రకం కాదు, బుర్రకథ చెప్పేవాళ్ళు చేతికి తొడుక్కునే రకం. నాకొక జోడు ఉండేది. కథకురాలి బొటనవేలికి నేను, పక్క వేళ్ళకి అది. మా ఇద్దరి కడుపుల్లోనూ ఇనప గుళ్ళు. వేలు కదిపితే చాలు, ఒకరినొకరు గుద్దుకుని ఘల్లుమనేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. సముద్రం నడుమ ఒక దీవిలో, గాజు పెట్టెలో.

ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరంలో నన్ను పోతపోశారు. మోత బయటికి రావాలని నా పొట్టకి సన్నటి చీలిక వదిలారు. నన్ను కొన్న మొదటి మనిషి చీరాల కోటయ్య. ఆయన చేతిలో నేను చాలా యుద్ధాలు చూశాను. ఒక ఊళ్ళో వీరుల కథ, మర్నాడు ఇంకో ఊళ్ళో కుటుంబ నియంత్రణ కథ. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి. వీరుడు మారేవాడు, నా మోత మారేది కాదు. జనం చప్పట్లూ మారేవి కావు.

కోటయ్య తన ఇద్దరు కూతుళ్ళకీ విద్య నేర్పాడు. చిన్నది పేరిందేవి కథ చెప్పేది. పెద్దది రత్తమ్మ వంత పాడేది. చెల్లెలు ఒక చరణం అంటే అక్క "తందాన తాన" అని అందుకునేది, మధ్యలో హాస్యం విసిరి జనాన్ని పడేసేది. కోటయ్య వాళ్ళకి నేర్పిన పద్ధతి ఒక్కటే. వంత అందుకునేదాకా కథకుడు తర్వాతి చరణం ఎత్తకూడదు. "అందుకునేవాళ్ళు లేకపోతే అది కథ కాదే, కేక" అనేవాడు. ఆయన పోయాక నేను పేరిందేవి వేలికి చేరాను. రెండో వంత పాడే మేనమామ కూడా పోయాడు. ఇక అక్కాచెల్లెళ్ళే మిగిలారు.

సరిగ్గా అప్పుడే రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి.

మొదటిది, టీవీ ఛానెల్ నుంచి. సముద్ర దేశాల పాటల పోటీ అని ఒకటుంది. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నీ తలా ఒక పాట పంపుతాయి. అన్ని దేశాల్లోనూ ఒకేసారి ప్రత్యక్ష ప్రసారం. ఆ ఏడు మన దేశం తరఫున పేరిందేవి బుర్రకథ ఎంపికైంది. పోటీ మారిషస్‌లో.

రెండోది, గుంటూరు ఆసుపత్రి నుంచి. రత్తమ్మ గొంతులో ఉన్నది మామూలు పుండు కాదు. ఆపరేషన్ చెయ్యాలి. ప్రాణం నిలిచినా గొంతు నిలవదు.

"నా గొంతులో స్వరపేటికని ఒక పెట్టె ఉందంటనే. ఇన్నాళ్ళూ నాకు తెలవనే తెలవదు. ఇప్పుడు తీసేస్తామంటన్నారు" అని నవ్వింది రత్తమ్మ.

పేరిందేవి నవ్వలేదు. "పోటీ మానుకుందాం అక్కా. ముందు ఆపరేషన్."

"డాక్టరు పోయిరమ్మన్నాడులే, అడిగాను. ఊళ్ళన్నీ తిరిగాం, దేశాలు తిరగలా. పోయే గొంతు నలుగురూ విన్నాక పోతే ఏం?"

అలా ఎక్కాం విమానం. వాళ్ళిద్దరూ, మేమిద్దరం.

పోటీకి నిబంధనలున్నాయి. పాట మూడు నిమిషాలు. వాయిద్యాలన్నీ ముందే రికార్డు చేసి తేవాలి. గొంతులు మాత్రం వేదిక మీదే పలకాలి. మనిషి గొంతుని నమ్మి వాయిద్యాన్ని నమ్మని చోటు నేను అదే మొదటిసారి చూడటం. మా మోత కూడా హైదరాబాద్ స్టూడియోలో రికార్డయి ఉంది. కాబట్టి వేదిక మీద మేము మోగకూడదు.

"అందెలు తీసెయ్యండి పేరిందేవి గారూ" అంది మా జట్టుని తీసుకొచ్చిన ఛానెల్ అధికారి సుచరిత. "మోత మైకులో పడితే మనల్ని పోటీ నుంచి తప్పిస్తారు."

"అందె లేకుండా నాకు చరణం లేవదు మేడం. వేలు బోడిగా ఉంటే నోరు కూడా బోడిగానే ఉంటది."

కాసేపు వాదులాడుకున్నాక మధ్యేమార్గం దొరికింది. ఒక పిన్నీసు తెచ్చి, చీలికలోంచి నా కడుపునిండా దూది కుక్కారు. నా జోడుకీ అంతే. గుళ్ళు కదల్లేదు. నేను చేతికి అలంకారంగా మిగిలాను.

రత్తమ్మ నన్ను చూసి "పాపం, నీ అందెకి చెవిపోటు వచ్చినట్టుందే" అంది.

ఆ మాట సగంలోనే బొంగురుపోయింది. సుచరిత గమనించింది. పేరిందేవిని పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. "ఇక్కడ మంచి గాయనులు ఉన్నారు. తందాన తానే కదా, గంటలో నేర్చుకుంటారు. అక్కయ్య గారు పక్కన నిలబడి పెదాలు కదిపితే చాలు. గెలిచే పాట ఇది, ఆలోచించండి."

"మా అక్క పాడకపోతే నేనూ పాడను."

వెనకనుంచి రత్తమ్మ గొంతు వినిపించింది. "పాడనీయవే వాళ్ళని. నా కోసం దేశం పరువు తీస్తావా?"

"నువ్వు నోరు మూసుకో."

"అదే గదే నేనూ చెప్పేది!"

సాయంత్రం వేదిక మీద దీపాలు వెలిగాయి. హాలు నిండా జెండాలు. వంతకి రత్తమ్మే నిలబడింది. పేరిందేవి ఎత్తుకున్నది ఉప్పెన రాత్రి కథ. గాలివానలో చిక్కిన పడవలకి దారి తెలియాలని ఒడ్డున లాంతరు ఎత్తి నిలబడిన బెస్త తల్లి కథ.

"గాలి లేచెనే, గట్టు తెగెనే..."

"తందాన తాన!"

"కెరటమొచ్చి గడప తొక్కెనే..."

"తందాన తాన!"

హాలు సర్దుకుని కూర్చుంది. భాష తెలియనివాళ్ళు కూడా తలలూపుతున్నారు.

"దీపమార్పకే తల్లీ, దించకే చెయ్యి..."

జవాబు రాలేదు.

రత్తమ్మ నోరు తెరిచే ఉంది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. రికార్డు ఆగలేదు. యంత్రానికి వంతతో పని లేదు కదా, దాని దారిన అది పోతోంది. పేరిందేవి చెవిలోని యంత్రంలోంచి సుచరిత అరుపు నాకు కూడా వినిపించింది. "ఆగకండి! తర్వాతి చరణం! పాడండి!"

పేరిందేవి పాడలేదు. కోటయ్య కూతురు, వంత లేకుండా ఎలా పాడుతుంది? అక్క వైపు తిరిగింది. లక్షలమంది చూస్తుండగా నన్ను నోటి దగ్గరికి తీసుకుంది. చీలికలోంచి పైకి కనిపిస్తున్న దూది కొసని పంటితో పట్టి లాగింది. నా జోడుకీ అలాగే లాగింది. ఉమ్మేసింది. చెవిలోని యంత్రం పీకి పారేసింది.

మమ్మల్ని మోగించింది.

ఘల్లు. ఇంకోసారి ఘల్లు. రికార్డు కంటే బాగా నిదానంగా. దాన్ని ఆపమని వెనక్కి చెయ్యి ఊపింది. ఎవరో ఆపేశారు. అంత పెద్ద హాలులో అప్పుడు మేమిద్దరమే. ఆమె అదే చరణం మళ్ళీ ఎత్తుకుంది, కానీ శ్రుతి దించేసింది. బాగా కిందికి. అక్క గొంతు ఎక్కడిదాకా పడిపోయిందో అక్కడిదాకా దిగి, అక్కడ నిలబడి పిలిచింది.

"దీపమార్పకే తల్లీ, దించకే చెయ్యి..."

ఘల్లు.

రత్తమ్మ కళ్ళు నా మీదే ఉన్నాయి. ఘల్లు.

"తందాన... తాన."

గరుగ్గా, చిరిగిన గుడ్డలా వచ్చింది. అయినా తాళం తప్పలేదు. తర్వాతి చరణానికీ అందుకుంది. ఆ తర్వాతి దానికీ. మూడు నిమిషాలు అయిపోయాయి. పడవలు ఇంకా ఒడ్డు చేరకముందే దీపాలు ఆర్పేశారు. తెర మీదికి తర్వాతి దేశం వచ్చేసింది.

నిబంధన మీరినందుకు మమ్మల్ని లెక్కలోంచి తీసేశారు. దేశదేశాలవాళ్ళూ నవ్వుమొహాలతో మార్కులు చదువుతుంటే, మన దేశం ఎదురుగా చివరిదాకా సున్నాయే ఉంది. సుచరిత చాలాసేపటికి వచ్చి రత్తమ్మకి వేడినీళ్ళ గ్లాసు అందించింది, అంతే.

ఈ పోటీకి ఇంకో ఆచారం ఉంది. పాల్గొన్న ప్రతి దేశం తమ వస్తువు ఒకటి ఇక్కడి ప్రదర్శనశాలకి ఇచ్చి వెళ్ళాలి. గెలుపోటములతో పని లేదు. మర్నాడు బయల్దేరేముందు పేరిందేవి తన జరీ తలపాగా తీసి ఇవ్వబోయింది. రత్తమ్మ ఆపింది. మాట రావడం కష్టంగా ఉంది, అయినా ఒక్కో ముక్కే కూడదీసుకుంది.

"అది కాదు... అందె ఇయ్యి... ఒకటి. నా గొంతు ఈడ ఉంటది గదే... దానికి తోడుండాల."

"రెండోది?"

రత్తమ్మ తన బొటనవేలు చాపింది.

ఇక్కడ నా పెట్టె పక్కన ఒక తెర ఉంది. ఎవరైనా మీట నొక్కితే ఆ మూడు నిమిషాలూ నడుస్తాయి. గెలిచిన పాటల దగ్గర జనం ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. మా దగ్గర మాత్రం మూడో చరణం దగ్గర ఆగిపోతారు. తెర చెడిపోయిందేమోనని కొందరు మీట మళ్ళీ నొక్కుతారు. అది చెడిపోలేదు. కాస్త ఓపిక పట్టాలి.

ఆపరేషన్ ఏమైందో నాకు తెలియదు. చెప్పేవాళ్ళు ఎవరూ రాలేదు. రత్తమ్మ ఉందనే అనుకుంటాను. చెల్లెలు చరణం ఎత్తితే నోటికి బదులు నా జోడుని కదిపి అందుకుంటోందనే అనుకుంటాను.

నా కడుపులో ఒక దూది పోగు ఇంకా మిగిలే ఉంది. కదిపే వేలు కూడా లేదు. అయినా తెర మీద ఆ గరుకు గొంతు "తందాన" అన్నప్పుడల్లా నా గుళ్ళు సన్నగా అదురుతాయి. గాజు బయట నిలబడినవాళ్ళకి అది వినపడదు.

వంత అందుకుంది. ఇక తర్వాతి చరణం ఎత్తుకోవచ్చు.