నాలుగు నిమిషాల పాట

మా మేనల్లుడు దేవసహాయానికి ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుంది. ఆ గట్టుమీద వాడి కూతురు జాయ్సీ తన బ్యాండుతో లైవ్ ఆల్బం రికార్డు చేస్తానంది. సోల్, ఫంక్ అంటారట ఆ సంగీతాన్ని. గొంతు ప్రార్థన చేస్తూనే ఉంటుంది, నడుం మాత్రం మాట వినదు. జనం ఈలలతో సహా రికార్డవ్వాలట. ఊరంతా వచ్చాం.

ఏడు పాటలు ఏరేటర్ల మోతలోనే అయ్యాయి. ఏరేటర్లంటే నీళ్లు చిలికి రొయ్యలకి గాలందించే చక్రాలు. చివరి పాట మెత్తగా మొదలవుతుంది, ఆ మోత వద్దంది జాయ్సీ.

"మూడ్రోజుల్నించి ముసురమ్మా. రొయ్యకి అసలే గాలి చాలట్లేదు."

"నాలుగే నిమిషాలు నాన్నా."

దేవసహాయం అవతలి గట్టున స్విచ్చిబోర్డు దగ్గరకెళ్లి ఆపాడు. మళ్లీ వెయ్యడానికి అక్కడే నిలబడ్డాడు.

నాలుగు నిమిషాలయ్యాయి. జనం ఊగిపోతుంటే బేస్ గిటారు వినయ్ అదే ముక్క తిప్పి తిప్పి వాయించాడు. జాయ్సీ వదల్లేదు, జనం వదలనివ్వలేదు. అరగంట దాటింది. నేను నీటి అంచున కూర్చున్నాను. నీటిమీద మీసాలు కనబడ్డాయి. ముందు పది. తర్వాత గట్టు పొడుగునా.

"రొయ్యలు గాలాడక తేలుతున్నాయర్రా!"

పక్కనున్న పుష్పలత పకపకా నవ్వింది. "పొద్దున్న గూడబాతు పిట్ట టిక్కెట్టు తీసుకుని భీమడోలు బస్సెక్కిందని మీరే అన్నారు. ఇప్పుడు రొయ్యలు కచేరీకొచ్చాయాండీ?"

"ఒట్టు తల్లీ!"

"గూడబాతుకీ ఒట్టేశారుగా తాతగారూ."

డెబ్బయ్యేళ్లు కోసిన కోతలన్నీ ఒక్కసారి నాకు అడ్డొచ్చాయి. అవతలికి చూశాను. దేవసహాయం కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కూతురు అలా పాడుతుందని వాడికి ఆరోజు దాకా తెలీదు. చెయ్యి స్విచ్చిమీదే ఉంది, మనిషి మాత్రం అక్కడ లేడు.

నీళ్లలోకి దిగి రెండు దోసిళ్ల రొయ్యలెత్తి స్టేజీ మీదకి విసిరాను. తాతయ్య చిందేస్తున్నాడని జనం ఈలేశారు. జాయ్సీ పాదాల దగ్గర పడ్డ రొయ్యలు ఎగరలేదు. వంగి ఒకటి తీసింది. అరచేతిలో అది వడిలిన పువ్వులా పడుంది.

"నాన్నా! స్విచ్చి!"

మైకులో ఆ కేక పడ్డాక డ్రమ్ములు టక్కున ఆగిపోయాయి. ఏరేటర్లు తిరిగాయి. రెండొందలమందీ నీటి అంచుకి చేరారు.

దేవసహాయం గట్టు చుట్టి వచ్చి, మేత చూసే వలపళ్లెం పైకి లాగాడు. పదింట ఆరు కదల్లేదు. అలాగే బురదలో కూలబడ్డాడు.

"నేనే మర్చిపోయానమ్మా," అన్నాడు.

ఒక్క కోతైనా కొయ్యబుద్ధి కాలేదు. నాకు!

కాసేపటికి వినయ్ నెమ్మదిగా అడిగాడు. "రికార్డింగు నడుస్తూనే ఉంది జాయ్సీ. కేక తీసేసి, పాట ముందే ముగించేద్దామా?"

జాయ్సీ మెరుపుల గౌనుతో మోకాటిలోతు నీళ్లలో చచ్చిన రొయ్యలు ఏరుతోంది. తలెత్తలేదు.

"ముందే ముగించాల్సింది," అంది. "ముగించలేదుగా. ఉండనీ."