కొండవీడు మూడో మలుపు

గొలుసుకు వేలాడుతున్న ఇంజను కిందికి దిగుతుంటే ఆంజనేయులు ఎడమ అరచేయి దానికి ఆనించి నిలబడ్డాడు. గట్టిగా పట్టుకోలేదు, నెట్టలేదు. దూడను పొదుగు దగ్గరికి మళ్లించినట్టు కొద్దికొద్దిగా తిప్పుతూ కారులోకి దించాడు. పొట్టి మనిషి. గోళ్లనిండా ఇంకిపోయిన గ్రీజు. నరసరావుపేటలో నాగభూషణం మెకానిక్ షెడ్డుకు మీసం రాని వయసులో వచ్చాడు. ఇప్పుడా మీసం నెరిసింది. ఇన్నేళ్లలో అతని నోట ఎక్కువగా వినబడిన మాట ఒకటే: "నువ్వెట్టంటే అట్టనే అన్నా."

ఈ కారు దగ్గరే ఆ మాట తప్పాడు.

కారు ప్రేమకుమారిది. పాత ఎర్ర మారుతి. కొండవీడు కోట చూడ్డానికి వచ్చేవాళ్లకు ఆమె పైన ఇడ్లీలు, పునుగులు అమ్ముతుంది. పిండి డబ్బాలు, గ్యాసు బండ, నీళ్ల క్యాన్లు, తోడుగా వదిన శివపార్వతి. ఇంత బరువుతో ఘాట్ రోడ్డు మూడో మలుపులో కారు ఆయాసపడి ఆగిపోయేది. వదిన దిగి చక్రం కింద రాయి పెట్టేది. ఒకరోజు ఆ రాయి జారింది. వెనక్కి దొర్లిన కారు పిట్టగోడకు కొట్టుకుని ఆగింది గనక బతికారు. ఇక కొండెక్కనని శివపార్వతి ఒట్టు పెట్టుకుంది. ఆమె లేకపోతే కొట్టే లేదు.

నాగభూషణం టర్బో పెడదామన్నాడు. ఇంజన్లోకి గాలిని ఒత్తి ఎక్కించే ఆ సామాను షెడ్డులో ఒకటుంది. "పెడితే గుర్రమే! పేటలో మన పేరు మోగిపోద్దిరా!" అన్నాడు.

ఆంజనేయులు గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"వద్దన్నా," అన్నాడు చివరికి. "ఇంజను ముసల్దైంది. ముసలోడి నోట్లో గాలి ఊది కొండెక్కమంటే రొమ్ము పగుల్తది. గుండెకాయే మార్చాల."

"అయితే నువ్వే మార్చు. మళ్లీ ఆగిందంటే మాట పడేది నువ్వే."

చెట్టు కూలి పైకప్పు నుజ్జయిన కారొకటి రొంపిచెర్లలో ఉంటే దాని ఇంజను తెచ్చాడు. పాతదానికంటే కాస్త పెద్దది. రవాణా ఆఫీసు అనుమతి ప్రేమకుమారి తెచ్చుకుంది. ఇంజను పాత బోల్టులకు కుదరలేదు. దాన్ని నిలిపే ఇనప పట్టీలు కోసి, వెల్డింగు చేసి, నచ్చక మళ్లీ కోశాడు. ఆ రోజుల్లో అన్నం సయించలేదు. తన మాట నిలబడాలని కోరుకోవడం అతనికి అదే మొదలు. నిలబడకపోతే అన్న భయమూ కొత్తే.

ఇంజను కారులోకి దించిన రోజే మధ్యాహ్నానికి అది పలికింది. ఎండ తగ్గాక సామానంతా ఎక్కించుకుని బయల్దేరారు. ప్రేమకుమారి స్టీరింగు పట్టింది, పక్కన ఆంజనేయులు, వెనక నాగభూషణం. కొండ కింద ఊళ్లోనే ఉండే శివపార్వతి రోడ్డు మీదికొచ్చి నిలబడింది.

"ఎక్కు వదినా."

"మీరు పోండి. నేను నడిచొస్తా."

ఆంజనేయులు దిగి వెనక తలుపు తీశాడు. "ఎక్కమ్మా. ఆగిందంటే చక్రం కింద నేనే పడుకుంటా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎక్కింది. నాగభూషణం పిండి డబ్బా ఒళ్లోకి తీసుకుని చోటిచ్చాడు.

ఒక మలుపు. రెండోది. మూడో మలుపులో ప్రేమకుమారి గేరు తగ్గించింది. ఎవరూ ఊపిరి తియ్యలేదు. ఇంజను గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే. కారు పిట్టగోడను వెనకేసుకుని పైకి లాగింది.

"ఎక్కింది వదినా! ఎక్కింది!"

శివపార్వతి ఏడుస్తూ నవ్వింది. వెనకనించి నాగభూషణం ఆంజనేయులు భుజం మీద ఒక్కటి చరిచాడు. "గెలిచావు గదరా!"

కోట బురుజు దగ్గర చల్లగాలికి వేడి పునుగులు తింటూ, ఆంజనేయులు మెల్లగా అన్నాడు: "అన్నా, ఈ కొండ కిందే చిన్న షెడ్డు ఏసుకుందామనుంది. ఎక్కలేక ఆగే బళ్లు చానా ఉన్నయ్."

"ఏందిరా, ఈ వయసులోనా?"

"ఈ వయసుకే వచ్చిందన్నా ధైర్యం."

నాగభూషణం కింద పరుచుకున్న మిరప చేల వైపు చూశాడు. తర్వాత తన వంతు పునుగు ఒకటి అతని చేతిలో పెట్టాడు. "అయితే మంచిరోజు చూసుకో. మొదటి బండి నాదే తెస్తా."

ఆ వారంలోనే మంచిరోజు కుదిరింది. ఆంజనేయులు స్పానర్లు గోనెసంచిలో కట్టుకుని కొండవీడు ఆటో ఎక్కాడు. నాగభూషణం షెడ్డు గోడకు, మేకు మీద, అతని ఖాకీ చొక్కా మిగిలిపోయింది. దాని చేతులు మోచేతుల దాకా మడిచినవి మడిచినట్టే ఉన్నాయి.