ఆడ గప్పీ ఈనినన్నాళ్ళూ

నేను ఒక గాజు తొట్టెను. పుట్టుకతోనే మొదలుపెట్టాలి గానీ, నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక సంచీ. విశాఖ రేవు పక్కన జాలారిపేటలో, నా ఎదుట నేల మీద కూర్చుని కాసులమ్మ దాన్ని సర్దుతోంది. రెండు లుంగీలు, దుప్పటి, బీడీ కట్టలు, పచ్చడి సీసా. ఆమె భర్త దానయ్య మరబోటులో వేటకు వెళుతున్నాడు. వెళ్ళేవాడు సంచీని చూడకుండా నన్నే చూస్తున్నాడు.

కిటికీలకు పనికిరాని అద్దపు ముక్కలు అతికించి నన్ను చేసిందీ అతనే. అతుకుల దగ్గర జిగురు వంకర. బతుకంతా చేపల్ని పట్టేవాడు ఇంట్లో చిటికెన వేలంత కూడా లేని చేపల్ని పెంచుతున్నాడని పేటంతా నవ్వింది. "సముద్రం సాల్లేదేట్రా నీకు?" అనేవారు. మనుషులు చంపే చేపలు వేరు, లాలించే చేపలు వేరు. నాకిప్పటికీ అర్థం కాదు.

నాలో గప్పీలనే చిన్న చేపలు, రెండు మగవి, ఒక ఆడది ఉండేవి.

"ఇందులో ఆడదేదో సెప్పు," అన్నాడు దానయ్య.

రంగురంగుల తోకున్నదాన్ని చూపించింది కాసులమ్మ.

"అది మగదే! ఆడది ఇదిగో, బూడిద రంగుది. ఒళ్ళు పెద్దది. కడుపు కింద, తోక మొదట్లో నల్లమచ్చ సూడు. అది ముదిరి పొట్ట ఉబ్బితే ఈనుతాదన్నమాట."

"సోకులన్నీ మగోళ్ళకీ, మోతంతా ఆడదానికీనా? బాగుంది మావా మీ న్యాయం."

"ఈనగానే పిల్లల్ని కుండలోకి తీసీ. నేపోతే తల్లే తినీస్తాది. నానొచ్చీసరికి పిల్లలుండాల."

"ఉంటాయిలే. ముందు నువ్వు రా."

రావలసిన రోజుకు బోటు రాలేదు. వెతకబోయినవాళ్ళకు తేలుతున్న ఆ బోటు డ్రమ్ము ఒకటి దొరికింది. ఆ ఏడుపుల్లో నీళ్ళు మార్చేవారు లేక, మేత వేసేవారు లేక మగవి రెండూ చచ్చిపోయాయి. ఆడది మిగిలింది.

కొన్నాళ్ళకు దాని మచ్చ నల్లబడింది, ఈనింది. కాసులమ్మ గరిటెతో పిల్లల్ని కుండలోకి మార్చింది. తర్వాతి నెల మళ్ళీ ఈనింది. శివరాత్రి వెళ్ళాక ఇంకోసారి. మగది లేకుండా!

అత్త నీలమ్మ గాజులు తీయించడానికి పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "నా కొడుకు పోయాడే. కర్మ సెయ్యనీవే. ఆడు ఆకలితో తిరుగుతుంటాడే," అని గుండెలు బాదుకుంది.

"సేప ఈనుతోందత్తా," అంది కాసులమ్మ. "మగది నేకుండా ఎలా ఈనుతాది? మావ ఉన్నాడు."

పెద్దలు తలలు వంచుకుని వెళ్ళిపోయారు. కాసులమ్మ నా అద్దానికి ముక్కు ఆనించి ఆ మచ్చనే చూస్తుండేది. ఈనిన ప్రతిసారీ పిల్లలు తగ్గుతున్నాయి. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. పైకి అనేది కాదు.

కుండలోని పిల్లల్ని తీసుకెళ్ళడానికి, రంగు చేపల దుకాణం కూర్మయ్య వచ్చాడు. దానయ్యకు ఈ జాతిని ఇచ్చింది అతనే. జరిగిన వింతంతా అతనికి చెప్పింది కాసులమ్మ.

"వింతేటి నేదు వదినా. ఒక్కసారి కలిస్తే సాలు, మగదాని బీజం నెలల తరబడి కడుపులోనే దాసుకుంటాదిది. అదయిపోతే ఈనడం ఆగిపోద్ది. ఓ మగదాన్ని తెచ్చి వెయ్యమంటావా?"

మంచితనంతోనే అడిగాడు.

"వద్దు," అంది కాసులమ్మ.

మచ్చ పాలిపోయింది. పొట్ట మళ్ళీ ఉబ్బలేదు. ఎండలు ముదిరిన ఒక పొద్దున ఆడ గప్పీ నా అడుగున పక్కకు ఒరిగి పడి ఉంది. కాసులమ్మ దాన్ని దోసిట్లోకి తీసి, పెరట్లో పాతిపెట్టి, చేతులు కడుక్కుని అత్త ముందు కూర్చుంది. రెండు చేతులూ తనే చాచింది.

"తియ్యత్తా."

నీలమ్మకు చేతులు ఆడలేదు. ఇన్నాళ్ళూ తీయమని పోరినది ఆమే.

నన్ను వాకిట్లోకి మార్చారు. నాలో ఎండురొయ్యలు పోశారు. నీళ్ళు లేని గాజుకు ఉప్పు పడితే అవతలి మనిషి కనబడదు. అది నాకు మేలే.

రెండు వేల ఒకటి, కార్తీక మాసంలో వేటకెళ్ళిన మైలపిల్లి దానయ్య తిరిగి రాలేదు.